పిట్టమ్మ రాళ్ళు

ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కి, కాలువ వంతెన దాటాక వచ్చే వేపచెట్ల స్టాపులో దిగితే రోడ్డుకు ఎడమ పక్కన ఒక బీడు ఉంటుంది. చూడ్డానికి అక్కడేమీ ఉండదు. నల్లరేగడి, గులకరాళ్ళు, అక్కడక్కడా తుమ్మ కంప, బీడు అంచున చిన్న వాగులాంటి వంక. ఆ వంకలో నడి ఎండాకాలం కూడా ఇంకిపోని మడుగు ఒకటుంది. ఆ మడుగు కోసం చుట్టుపక్కల పిట్టలన్నీ అక్కడికి చేరతాయి.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మా ఆయన, "రేపు పొద్దన్నే తయారై ఉండు, ఒక తావుకు పోదాం" అన్నాడు. మంత్రాలయమేననుకుని నేను పట్టుచీర కట్టుకున్నాను. బస్సు దిగి ఆ బీట్లో నిలబడ్డాక కూడా, ఇక్కడి నుంచి ఆటో మారాలేమోనని రోడ్డు వైపే చూస్తున్నాను. ఆయన సంచిలోంచి దుర్భిణి తీసి నా చేతికిచ్చి, "ఆ తీగ మీద సూడు, పాలపిట్ట" అన్నాడు. ఇంటికొచ్చాక చీర అంచుకు అంటుకున్న పల్లేరుకాయలు ఏరుతూ, మా దగ్గరే ఉండే మా అమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయనేమో వరండాలో కూర్చుని నవ్వుతున్నాడు.

ఆయనకు బజార్లో చిన్న కళ్ళద్దాల షాపు ఉండేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మగ్గాల వాళ్ళు, తెగిన పోగు కనపడటం లేదని వచ్చేవాళ్ళు. రోజంతా ఇంకొకరి కళ్ళు చూసే మనిషికి పొద్దున ఒక పూట తన కళ్ళతో తనకిష్టమైనవి చూసుకోవాలనిపించేదేమో. ఎండలు ముదిరాక, చైత్రం వైశాఖాల్లో, తెల్లవారే బస్సుకు పోయి ఎండెక్కేలోపు తిరిగొచ్చేవాళ్ళం. నేను జాకెట్లు కుడతాను. ఎండాకాలం పెళ్ళిళ్ళ కాలం, పని నెత్తి మీద ఉంటుంది. అయినా పోయేదాన్ని. మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఊరు మాట్లాడినంతగా మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాకు కోపం ఎక్కువ. ఎవరైనా "ఏముండాదమ్మా ఆ బీట్లో?" అని అడిగితే, "మీ ఇంట్లో ఏముండాదని మీరుండారు?" అనేదాన్ని. ఆయనకు కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ. పిట్టల విషయంలో ఆయనకు ఒకే ఒక పట్టింపు ఉండేది. చూసిందే చెప్పాలి. ఒకసారి ఆయన్ని సంతోషపెడదామని, గడ్డిలో పూరేడు పిట్ట కనిపించిందని చెప్పాను. ఆయన దుర్భిణి దించి నా మొహంలోకి చూశాడు.

"సూసినావా, సూసినట్టు అనిపించిందా?"

"అనిపించింది" అన్నాను, ఒళ్ళు మండిపోతుంటే.

"అట్లయితే సూళ్ళేదని సెప్పు. సూళ్ళేదంటే తప్పేం లేదు."

ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడూ ఆయనకు చూడని పిట్టను చూశానని చెప్పలేదు.

ఆ బీట్లో నాకు గిట్టని పిట్ట ఒకటే, తీతువు. నల్లటి మెడ, తెల్లటి పొట్ట, కంటి ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పచ్చటి కాళ్ళు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దాని కూత వింటే మా ఇళ్ళలో గుండెలు జారిపోతాయి. తీతువు ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఆ ఇంట్లో ఎవరో పోతారని మా అమ్మ నమ్మకం. రాత్రిపూట అది అరిస్తే లేచి గడప మీద నీళ్ళు చల్లేది. ఆయన మాత్రం, "అది దాని గుడ్ల కోసం అరుస్తాది గానీ, మన ఇంటి సంగతి దానికెందుకు?" అనేవాడు.

తర్వాత ఆయనకు షుగరొచ్చింది. దాన్ని ఆయన లెక్కచేయలేదు. అది లోపల తన పని తాను చేసుకుంటూ పోయి రెండు కిడ్నీలనూ పట్టుకుంది. వారానికి రెండుసార్లు ఆదోని వచ్చి డయాలసిస్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. నీళ్ళు కూడా కొలిచి తాగాలన్నాడు. ఎమ్మిగనూరు ఎండల్లో మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వడమంటే ఏమిటో ఇచ్చినవాళ్ళకే తెలుస్తుంది. చిన్న గ్లాసులో పోసి ఇస్తే, అడుగున మిగిలిన చుక్క కోసం ఆయన గ్లాసు తలకిందులు చేసి చూసేవాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

నాలుగైదుసార్లు పోయాక ఆయన ఇక పోనన్నాడు.

"బస్సులో పోయేది, మిషన్ పక్కన పండుకునేది, బస్సులో వచ్చేది. మర్నాడంతా పీనుగ మాదిరి పడుండేది. దీన్ని బతుకంటారా ఎవరన్నా?"

నేను ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. మా అమ్మ ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన పట్టుదల సంగతి చెప్పాను కదా. చివరికి, "ఈ ఒక్కసారికి రండి, పోనని డాక్టరుకు మీరే సెప్పి వద్దురు గానీ" అని బతిమాలి తీసుకుపోయాను. చెప్పాడు. డాక్టరు చీటీ మీద ఏదో రాసుకున్నాడు. తిరుగు బస్సులో వేపచెట్ల స్టాపు దగ్గర ఆయన ఉన్నట్టుండి లేచి, "దిగుదాం పద" అన్నాడు.

భరణి కార్తె రోజులు. పొద్దువాలుతున్నా నేల సెగలు కక్కుతోంది. ఆయన్ని వేపచెట్టు నీడలో రాతి మీద కూర్చోబెట్టి నేను గొడుగు పట్టాను. ఆయన దుర్భిణి ఎత్తి ఒకే వైపు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి నాకిచ్చి, "ఆ ఎండు కంపకు ఇవతల, నేల మీద" అన్నాడు. మొదట నాకేమీ కనపడలేదు. తర్వాత గులకరాళ్ళ మధ్య కూర్చున్న తీతువు కనిపించింది. అది లేచి పక్కకు నడిస్తే దాని కింద నాలుగు గుడ్లున్నాయి. తీతువు గూడంటూ కట్టదు. నేల మీద కాస్త గీరి, చుట్టూ నాలుగు గులకరాళ్ళు పెట్టుకుని, మట్టిరంగు మచ్చల గుడ్లు పెడుతుంది. పక్కనే నిలబడి చూసినా రాళ్ళేననుకుంటాం.

ఆ పిట్ట వంక దాకా పోయింది. మడుగులో దిగి, పొట్ట ఈకలు తడిసేలా నీళ్ళలో ఒకసారి కూర్చుంది. తర్వాత వడివడిగా తిరిగొచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. గుడ్లు ఉడికిపోకుండా చల్లబరచడానికట. ఆయన అది చూసి నవ్వాడు.

"దానికి నీళ్ళు కొల్సి ఇచ్చే పెండ్లాం లేదు సూడు."

నేను నవ్వలేకపోయాను. ఆయన ఇంకా అటే చూస్తూ, "ఈ పిల్లలు లేసి ఉరికేది సూడాల" అన్నాడు. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను.

"సూడాలంటే బతికుండాల గదా. మిషన్‌కు పోతేనే బతికుంటారు."

ఆయన దుర్భిణి సంచిలో పెట్టుకున్నాడు. బస్సు వస్తున్న చప్పుడు విని లేస్తూ, "సరే, పిల్లలు ఉరికేదాంక పోతా. ఉరికినాక నన్ను అడగొద్దు" అన్నాడు.

ఒప్పందం అంటే ఒప్పందమే. ఆ వారం నుంచి ఆయన సణగకుండా ఆదోని వచ్చాడు. పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి, వచ్చేటప్పుడు దిగి చెట్టు కింద కూర్చుని గుడ్ల మీది తీతువును చూసుకునేవాళ్ళం. నేనేమో జీవితమంతా గిట్టని పిట్ట కోసం ఇంట్లో దేవుడికి దండం పెట్టుకున్నాను. నక్క రాకూడదని, పాము రాకూడదని, మేకల మంద అటు మళ్ళకూడదని మొక్కాను. గుడ్లు పగిలి పిల్లలైతే ఆయన మళ్ళీ మొండికేస్తాడని తెలుసు. ఈలోగా మిషన్ అలవాటవుతుందని, ఒంట్లో కాస్త తేలికపడితే మనసు మారుతుందని నా ఆశ. నాకప్పుడు అంతకంటే దూరం కనపడలేదు.

ఏళ్ళ తరబడి బీడుగా పడివున్న ఆ నేలను ఆ ఏడే ఒకాయన గుత్తకు తీసుకున్నాడు. పత్తి వేస్తాడట. ఒకరోజు మేము చెట్టు కింద ఉంటే వచ్చి పలకరించాడు. మంచి మనిషి. మేము గుడ్ల సంగతి చెబితే శ్రద్ధగానే విన్నాడు.

"నేనేం సంపుతానంటానా అమ్మా? అయితే దున్నేది నేను గాదు గదా. వాన పడిందంటే ట్రాక్టరు దొరికేదే కష్టం. వాడు ఎప్పుడొస్తాడో, రాత్రి తోల్తాడో పగలు తోల్తాడో నాకే తెలీదు. వానికి ఈ గుడ్లు యాడ కనపడతాయి? ఆడ ఏమన్నా ఒక గుర్తు పెట్టండి."

కర్రకు ఎర్రగుడ్డ కడదామన్నాను నేను. మేకల వాళ్ళు కర్ర పీక్కుపోతారని మా ఆయన అన్నాడు. రాళ్ళు పేరుద్దామంటే, రాళ్ళను ట్రాక్టరు లెక్కచేయదు. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. రాత్రి అన్నం ముందు కూర్చుని ఆయన ఉన్నట్టుండి, "దేవత రాళ్ళయితే?" అన్నాడు.

మా వైపు చేలల్లో అక్కడక్కడా సున్నం కొట్టి, పసుపు కుంకుమ పూసిన రాళ్ళుంటాయి. ఏ తల్లిదో, ఎవరు నిలబెట్టారో ఎవరికీ తెలియదు. కానీ నాగలైనా ట్రాక్టరైనా అక్కడికి రాగానే పక్కకు తిరుగుతుంది. దాని చుట్టూ కాస్త నేల వదిలేసి దున్నుతారు. ఎంత తాగివున్న డ్రైవరైనా ఆ రాళ్ళ మీదికి పోనివ్వడు.

"దేవతతో ఆటలేంది?" అన్నాను. నాకు నిజంగానే భయమేసింది.

"ఆట గాదు. ఆడ గుడ్ల మీద కూచున్నేది తల్లి గాదా?"

మర్నాడు తెల్లవారే బస్సుకు పోయాం. డబ్బాలో సున్నం, పొట్లాల్లో పసుపు కుంకుమ నేనే కట్టుకొచ్చాను. గుడ్లకు కాస్త ఎడంగా, చుట్టూ నాలుగు పెద్ద రాళ్ళు నిలబెట్టాం. నిలబెట్టాం అంటే నేను దొర్లించుకొస్తే ఆయన సరిచేశాడు. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. సున్నం కొట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు గుచ్చాం. తీతువులు రెండూ నెత్తి మీద గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. మేము చెట్టు కిందికి వచ్చాక ఆడది దిగి, ఆ రాళ్ళను అటొకసారి ఇటొకసారి చూసి, నడుచుకుంటూ లోపలికి పోయి గుడ్ల మీద కూర్చుంది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బయట ఎప్పుడూ అలా పట్టుకునే మనిషి కాదు.

కృత్తిక కార్తెలో మంచి వాన పడింది. రెండు రోజుల తర్వాత ఆదోని పోతుంటే బస్సు కిటికీలోంచి చూశాం. బీడంతా దుక్కి దున్నేశారు. నల్లటి పెళ్ళల మధ్య, మంచమంత మేర దున్నకుండా వదిలేసిన నేల, దాని చుట్టూ మా తెల్ల రాళ్ళు, మధ్యలో మెడెత్తి కూర్చున్న తీతువు. ఆయన బస్సులో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ముందు సీట్లో ముసలామె ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజు ఆయన మొహం చూసి, ఇక ఫర్వాలేదు, ఈ మనిషి నాకు మిగులుతాడు అనుకున్నాను.

ఆ వారమే ఆయనకు ఊపిరాడలేదు. కర్నూలు తీసుకుపోయాం. పది రోజుల పైన ఆసుపత్రిలో ఉన్నాం. తెలివొచ్చిన ప్రతిసారీ, "ఈ పాటికి పగిలింటాయా?" అని అడిగేవాడు. "పోయి సూస్తేనే గదా తెలిసేది" అనేదాన్ని. రోజులు లెక్కేసుకుని, ఇంకా టైముంది అనేవాడు. కోడుమూరు మీదుగా కారులో ఇంటికి వచ్చాం. ఆ దారిలో బీడు తగలదు. ఇంటికొచ్చిన రాత్రి ఆయన చేసిన పని ఒక్కటే, దుర్భిణి అద్దాలు తుడిచి నా సంచిలో పెట్టాడు.

"నాకు చేత గాదు. నువ్వు పోయి సూసిరా."

స్టాపులో దిగేసరికే నాకు తేడా తెలిసింది. రోడ్డు నుంచి దుక్కిలోకి కాలిబాట పడివుంది. మా రాళ్ళ దగ్గర ఎర్రగుడ్డ ఎగురుతోంది. దగ్గరికి పోయేకొద్దీ ఊదొత్తుల వాసన, టెంకాయ చిప్పలు, అరిటాకు ముక్కలు. ఒక పెద్దామె బిందె పక్కన పెట్టుకుని రాళ్ళు కడుగుతోంది. రాళ్ళ నడుమ, గులకరాళ్ళ మధ్య, నాలుగు గుడ్లూ అలాగే ఉన్నాయి. ఒక్కదాన్నీ ఎవరూ పగలగొట్టలేదు, ఎత్తుకుపోలేదు. నాలుగింటికీ నున్నగా పసుపు పూసి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టారు. చుట్టూ కనకాంబరాల మాల. ముందు ఆరిపోయిన దీపం.

"రా తల్లీ, మొక్కుకో" అంది పెద్దామె. "పిట్టమ్మ. కొత్తగా ఎలిసింది. ట్రాక్టరాయన సక్రం ముందరికి పోలేదంట, ఆడికే నిలబడిపోయిందంట. దిగి సూస్తే రాళ్ళ నడాన గుడ్లుండాయంట. అప్పటి నించి మా ఊరి ఆడోళ్ళమంతా పొద్దుమాపులా వస్తాండాము."

"పిట్టలు?" అన్నాను.

"అవి ఆ తల్లి పిట్టలే. మేము వచ్చినామంటే సాలు, పైన సుట్టూ తిరిగి ఒకటే అరుస్తాయి. ఎంత సంబరమో వాటికి! ఇప్పుడిప్పుడు కొంచిం తగ్గినాయి."

వంగి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. ఎండలో కాగిన రాయిలా చురుక్కుమంది. ఎన్ని రోజులుగా దాని మీద తడి పొట్ట ఆనలేదో. తల ఎత్తితే దూరంగా దుక్కి పెళ్ళల మీద రెండు తీతువులూ నిలబడి ఉన్నాయి. దగ్గరికి రావడం లేదు. అరవడం కూడా లేదు.

నాకున్న కోపానికి ఆ బిందె ఎత్తి అవతల పారేయాలి. పారేయలేదు. ఎవరిని తిట్టను? ఆమె చేతుల్లో ఎంత భక్తి ఉందో నాకు కనిపిస్తూనే ఉంది. గుడ్డును జాగ్రత్తగా దాని చోట పెట్టి, వచ్చి స్టాపులో నిలబడ్డాను.

ఇంట్లోకి పోతుంటే గడప దగ్గరే మా అమ్మ పట్టుకుంది. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైంది.

"పిల్లలైనాయని సెప్పు. ఒక్క మాట. ఆయన ఏమన్నా పోయి సూస్తాడా?"

చెబుదామనే లోపలికి పోయాను. ఒట్టు. ఆయన మంచం మీద పడుకుని, ఛాతీ మీద తడి తువ్వాలు పరుచుకుని ఉన్నాడు. ఎండాకాలం పొడుగునా అలాగే పరుచుకునేవాడు. నన్ను చూసి లేచి కూర్చోబోయాడు.

"సూసినావా?"

ఆ మాట అలా అడిగాక నావల్ల కాలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. పసుపు, కుంకుమ, కనకాంబరాలు, పెద్దామె మాటలు, దూరంగా నిలబడిన రెండు పిట్టలు, ఏదీ దాచలేదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎవురూ తినలేదు గదా" అన్నాడు.

"లేదు."

"కాలితో తొక్కలేదు."

"లేదు. మొక్కినారు."

"మొక్కినారు" అని ఆయన మెల్లగా అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. "మనమే గదా పసుపు పూసింది. వాళ్ళు మన కన్నా బాగా పూసినారు." తర్వాత గోడ వైపు తిరిగాడు. "మళ్ళీ పెడతాయిలే. పోయినవి పోతే మళ్ళీ పెట్టుకుంటాయి అవి."

ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఇక అంతా అయిపోయిందని, నా నోటితో నేనే తెంపేశానని అనుకున్నాను. అబద్ధం చెప్పివుంటే ఏం పోయేదని నన్ను నేను ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. ఆదోని పోవాల్సిన రోజు తెల్లవారింది. నేను ఆయన్ని లేపలేదు. అడిగే మొహం లేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే వెనక చప్పుడైంది. ఆయన చొక్కా వేసుకుని, గోడ పట్టుకుని నిలబడివున్నాడు.

"ఏమే, బస్సు పోతాది."

నేను పొయ్యి దగ్గర నుంచి లేస్తుంటే ఆయనే అన్నాడు.

"నేను ఏమన్నా? పిల్లలు ఉరికేదాంక పోతానంటి. ఉరికినాయా?"

"లేదు."

"ఉరకలేదు గదా. పద అయితే."

ఆయన ఆ తర్వాత కూడా ఆదోని వస్తూనే ఉన్నాడు. ఇష్టం లేకుండా, నా కోసం, ఇచ్చిన మాటను సాకుగా పెట్టుకుని వచ్చాడు. బస్సు వేపచెట్ల స్టాపు దగ్గరికి రాగానే కిటికీ వైపు చూడకుండా కళ్ళు మూసుకునేవాడు. పత్తి పూతకొచ్చే దాకా అలా లాక్కొచ్చాడు. ఒక తెల్లవారుజామున బస్సు టైముకు లేపితే లేవలేదు. ఇంటి మీద ఏ తీతువూ అరవలేదు. మా అమ్మ నాతో ఆ మాట రెండు మూడుసార్లు అంది, దానిలో ఏదో అన్యాయం జరిగినట్టు.

ఏడాది తిరిగి మళ్ళీ ఎండలొచ్చాయి. షాపు అమ్మేశాను. పోయిన వారం, ఆదోనిలో జాకెట్ల గుడ్డలు కొనుక్కుని తిరిగొస్తూ, ఏం బుద్ధి పుట్టిందో ఆ స్టాపులో దిగాను. దుర్భిణి సంచిలోనే ఉంది. ఆయన పెట్టినప్పటి నుంచి తీయలేదు దాన్ని.

పత్తికట్టె పీకేసిన చేను. మధ్యలో దున్నకుండా వదిలిన నేల ఇప్పుడు ఒక గది అంత అయింది. పైన రేకులు వేశారు. త్రిశూలం పాతారు. మా రాళ్ళు నాలుగూ పసుపు పెట్టీ పెట్టీ లావయ్యాయి. గుడ్లున్న చోట ఇటుకల గద్దె కట్టారు. ఒకామె, నాకంటే చిన్నది, ఒంటరిగా కూర్చుని దీపం వెలిగిస్తోంది. గాలికి అది ఆరిపోతోంది. నేను కొంగు అడ్డం పెట్టాను.

"మా ఇంటాయనకు కిడ్నీలు పోయినాయక్కా" అంది ఆమె, నేను అడగకుండానే. "మిషన్‌కు రానంటాడు. సస్తే సస్తా, రానంటాడు. ఈ తల్లి దగ్గరికి పొమ్మన్యారు. ఎమ్మిగనూర్లో కళ్ళద్దాల షాపాయనకు ఇట్లే అయ్యిందంట. ఆయన పెండ్లాం ఈడికొచ్చి రాళ్ళు నిలబెట్టి మొక్కుకునిందంట. నయమై లేసి తిరుగుతాండాడంట. నీదీ ఎమ్మిగనూరేనా అక్కా?"

"ఆ."

"ఆయన్ను సూసినావా?"

రేకుల కింద ఉక్కగా ఉంది. ఆమె దీపం వదిలేసి నా మొహమే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. కర్నూలు ఆసుపత్రి వరండాలో పోయే డాక్టరునల్లా నేనూ అలాగే చూశాను.

"సూసినా" అన్నాను. "బాగుండాడు."

ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

"అయితే ఆయన మిషన్ మానలేదు. ఆదోనికి పోతానే ఉన్న్యాడు. మీ ఆయన్నీ మాన్పించొద్దు. ఏదన్నా ఒక సాకు సెప్పి తీసకపో. ఏదో ఒకటి సూడాలని ఆశ పెట్టు, వస్తాడు."

ఆమె తల ఊపి, గద్దె మీది కుంకుమ తీసి నాకు పెట్టబోయింది. నేను చెయ్యి చాచి అరచేతిలో పోయించుకుని, కొంగు చివర ముడేసుకున్నాను.

స్టాపుకు తిరిగొచ్చి ఆ వేపచెట్టు కింద రాతి మీద కూర్చున్నాను. చూడనిది చూశానని చెప్పాను. ఆయనుంటే ఏమనేవాడో తెలుసు. ఆయన లేడు కాబట్టే చెప్పాల్సి వచ్చింది. ఇంత దుఃఖం నాలో ఇంకా ఉందని నాకే తెలియదు.

అప్పుడు వంక వైపు తీతువు అరిచింది. గుడ్ల మీద ఉన్నప్పటి అరుపు కాదది. పిల్లల్ని వెంటేసుకుని నడిపించేటప్పుడు, చిన్నగా, తెగి తెగి అరుస్తుంది. ఆ తేడా నాకు ఆయనే నేర్పాడు. మడుగు అంచున రాళ్ళ మధ్య ఏదో కదిలింది. కదిలినట్టు అనిపించింది. చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి దుర్భిణిని పట్టుకుంది.

పిల్లలు ఉరికేదాకా పోతా, అన్నాడు. ఉరికితే ఆ మాట తీరిపోయినట్టే. నేను దుర్భిణిని పైకి తీయలేదు. చూడలేదు కాబట్టి, అవి ఉరికాయని నేను ఎవరికీ చెప్పలేను. బస్సు వచ్చేదాకా తల వంచుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.